ముందు జిగురు, తర్వాతే కోత

మాఘ, ఫాల్గుణాల్లో మా ఊరు పెర్కిట్‌కు పెళ్లిళ్లూ పసుపూ కలిసే వస్తాయి. ఒకవైపు ఉడికించిన కొమ్ములు కల్లాల్లో ఎండుతుంటాయి, ఇంకోవైపు హల్దీ ఫంక్షన్‌కు పేర్ల బోర్డు కావాలంటూ నా దగ్గరికి వస్తుంటారు. పసుపు పండే ఊళ్లో పసుపురంగు కాగితం కోసి అమ్ముకోవడం నా భాగ్యం!

ఒకప్పుడు కాగితం పని అంటే లై. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం వేస్తే సరి. పతంగికి అదీ అక్కర్లేదు, నాలుగు అన్నం మెతుకులు చాలు. సోన్ వంతెన దాటి నిర్మల్ పోతే, పొనికి కర్ర బొమ్మలకు చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపి వాడతారు. ఆ కర్ర తడిని ఓర్చుకుంటుంది. కాగితం ఓర్చుకోదు. నీళ్లు తగలగానే దాని పీచు అడ్డంగా ఉబ్బి, కాగితం చుట్టుకుపోతుంది. ఇక మిల్లీమీటరు సన్నం తీగలున్న జాలీ పువ్వుకు ఫెవికాల్ రాస్తే, తీగల పక్కనుంచి కారి, ఎండాక నిగనిగలాడుతూ పని మొత్తాన్ని బయటపెడుతుంది.

జిగురు షీటు వచ్చాక వరస తిరగబడింది. రెండు పక్కలా అంటుకునే ఆ పలచటి షీటును కోయకముందే కాగితం వెనక వేసి, బుడగలు లేకుండా రుద్దాలి. అప్పుడు పువ్వు ఆకారంలో కోసే అచ్చు, అంటే డై, పెట్టి మిషన్ తిప్పితే కాగితమూ జిగురూ ఒకే అంచుకు తెగుతాయి. ఎంత సన్నటి తీగకైనా అంతే సన్నటి జిగురు. వెనక పొర తీసేటప్పుడు పువ్వును లాగొద్దు. పువ్వును బోర్లా పడుకోబెట్టి పొరనే ఒలవాలి, లేకుంటే తీగలు సాగి వంకరపోతాయి. అతికించాక గట్టిగా నొక్కి రాత్రంతా వదిలేస్తే పట్టు ఇంకా పెరుగుతుంది.

అంచున జిగురు మిగిలితే కాస్త పౌడరు అద్దమంటారు. కొమ్ములు పాలిష్ పట్టే రోజుల్లో మా దగ్గర ఆ పని పసుపు దుమ్మే చేస్తుంది, అడగకుండానే, అక్కర్లేని చోట కూడా. అందుకే పొర ఒలిచేముందు కిటికీ మూస్తాను, ఫ్యాన్ ఆపుతాను.

ఖర్చు మాటకొస్తే, జాలీలో ఖాళీ ఎంత ఎక్కువుంటే అంత దండగ, ఎందుకంటే కంతల్లోంచి రాలిన ముక్కలతోపాటు జిగురూ పోతుంది. కాబట్టి పువ్వులకూ తీగలకూ షీటు. అరచేతి వెడల్పు అక్షరాలకు, దళసరి అట్ట మీద, ఇప్పటికీ లైయే పూస్తాను.