మూడో పెడల్ కోసం

అమెరికాలో టయోటావారి లెక్సస్ ఎస్‌సీ300 కారు 1992 మోడల్‌గా వచ్చినప్పుడు ఆటోమేటిక్‌తో పాటు ఐదు గేర్ల మాన్యువల్ కూడా దొరికేది. కానీ లగ్జరీ కారు కొనేవాళ్లలో ఎడమ కాలికి పని పెట్టుకునేవాళ్లు ఎంతమంది? 1997 మోడల్‌తో మాన్యువల్ ఆగిపోయింది, 2000తో ఆ తరం కారే ఆగిపోయింది. ఇవాళ కనిపించేవాటిలో ఎక్కువ ఆటోమేటిక్‌లే. బానెట్ కింద మాత్రం 2జేజెడ్ ఇంజను ఉంది. వరసగా ఆరు సిలిండర్లు, 2,997 సీసీ, టయోటా సుప్రా కారులో పేరు తెచ్చుకున్న కుటుంబం. అలాంటి ఇంజనుకు చేత్తో గేరు వేసుకోవాలని పట్టుబట్టి, ఆటోమేటిక్ దింపేసి మాన్యువల్ ఎక్కించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వాళ్ల పనితనంలో ముప్పాతిక భాగం సామాను వెతకడంలోనే ఉందని నా అభిప్రాయం. బిగించడం ఆ తర్వాతి సంగతి.

పైకి చూస్తే గేరు బాక్సు దొరకడమే కష్టమనిపిస్తుంది. నిజానికి అది సులువైన భాగం. మాన్యువల్ ఎస్‌సీ300లో వచ్చింది డబ్ల్యూ58. ఆ పేరున్న బాక్సును టయోటా 1980లలోనే సుప్రాలకు వాడింది కాబట్టి పాతవి బజార్లో కనిపిస్తూనే ఉంటాయి. చిక్కంతా ఆ పేరుతోనే. పాత బాక్సుల్లో చాలావాటికి స్పీడోమీటరు కేబుల్‌తో తిరుగుతుంది. ఎస్‌సీ300 డాష్‌బోర్డుకేమో ఎలక్ట్రానిక్ సెన్సరు నుంచి సిగ్నల్ రావాలి. ముందుండే బెల్ హౌసింగ్ కూడా ఏ ఇంజనుకు తగిలించారో దాన్నిబట్టి మారుతుంది. పేరు చూసి కొన్నవాడు బెల్ హౌసింగ్‌ను ఇంజను దగ్గర పెట్టి చూసేసరికి బోల్టు రంధ్రాలు కలవవు.

టర్బో పెట్టదలచినవాళ్లు డబ్ల్యూ58ని వదిలి ఇంకా గట్టిదైన ఆర్154 వెంట పడతారు. ఇక్కడ అసలైన పరీక్ష మొదలవుతుంది. అమెరికాలో ఆర్154 దొరికేది 1980ల చివర వచ్చిన టర్బో సుప్రాలో, 7ఎం ఇంజను వెనక. అక్కడ క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటు వేళ్లను ముందుకు నొక్కుతుంది. ఎస్‌సీ300కి జపాన్‌లో సొంత అన్నలాంటి టయోటా సోరర్‌లో, 1జేజెడ్ ఇంజను వెనకున్న ఆర్154లో అదే బేరింగ్ ఆ వేళ్లను వెనక్కి లాగుతుంది. ఆ బేరింగ్‌ను కదిపే ఫోర్కు ఒక దాంట్లోది, ప్రెషర్ ప్లేటు ఇంకో దాంట్లోది తెచ్చుకుంటే, ప్రతి ముక్కా అసలైన టయోటా సామానే అయినా క్లచ్ విడవదు. బెల్ హౌసింగ్, ఫోర్కు, బేరింగ్, ప్రెషర్ ప్లేటు నాలుగూ ఒకే పద్ధతివి కావాలి. డబ్బు తీసేముందు ఈ నాలుగింటినీ మనసులో జతచేసుకుని చూడగలవాణ్ణి నేను పనివాడంటాను.

ఈ వెతుకులాటలో వాళ్లకు దారి చూపేది పార్టు నంబరు. టయోటా నంబర్లలో మొదటి ఐదు అంకెలు అది ఏ భాగమో చెబుతాయి, మిగతావి ఏ రకానిదో చెబుతాయి. 31250 అంటే క్లచ్ ప్లేటు, 31210 ప్రెషర్ ప్లేటు, 31230 రిలీజ్ బేరింగ్, 31470 స్లేవ్ సిలిండర్, 13405 ఫ్లైవీల్. నంబరు 90తో మొదలైతే అది బోల్టో, సీలో, బేరింగో, అనేక మోడళ్లలో వాడే మామూలు భాగం. కారు పేరు చెప్పి అడిగితే లేదన్న సీలు, నంబరు చెప్పి అడిగితే ఏదో ట్రక్కు కింద బయటపడవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్ సామాను వెతికినవాళ్లకు ఈ ఆనందం తెలిసే ఉంటుంది.

పెద్దవి అమర్చాక చిన్నవాటి వంతు. ఆటోమేటిక్ కారులో క్రాంక్ షాఫ్టు చివర పైలట్ బేరింగ్ ఉండదు, దాని అవసరమే లేదు కనుక. మాన్యువల్‌కి అది లేకపోతే గేరు బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు ముందు కొసకు ఆధారం ఉండదు. ఆటోమేటిక్ వెనక ఉండేది పల్చటి ప్లేటు, మాన్యువల్‌కి మందపాటి ఫ్లైవీల్, కాబట్టి బోల్టుల పొడవు వేరు. ఇంజనుకూ బెల్ హౌసింగ్‌కూ మధ్య క్లచ్ మీద దుమ్ము పడకుండా ఒక రేకు ఉంటుంది. దాన్ని వదిలేసినా కారు నడుస్తుంది. మంచి పనివాడు వదలడు. ప్రొపెల్లర్ షాఫ్టు ముందు భాగం, గేరు బాక్సును మోసే అడ్డ కమ్మీ కూడా మాన్యువల్ కారువే వెతుకుతాడు.

క్లచ్ మాస్టర్ సిలిండర్ నుంచి స్లేవ్ సిలిండర్‌కు ద్రవం వెళ్లే గొట్టం దగ్గర మనుషుల తేడా తెలుస్తుంది. అల్లిన స్టీలు తొడుగున్న పొడవాటి హోసు ఒకటి కొని వేలాడదీస్తే పది నిమిషాల్లో పని అయిపోతుంది. కంపెనీ కారులో ఉన్నట్టు వంపులు తిరిగిన లోహపు గొట్టం, దాని క్లిప్పులు తెచ్చి ఫైర్‌వాల్ వెంట బిగించినవాళ్ల పని చూస్తే కళ్లు తిప్పుకోలేం.

కరెంటు పనిలోనూ అంతే. ఆటోమేటిక్ కారు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్టర్ తిరుగుతుంది. ఆ స్విచ్ పాత బాక్సుతో పాటే పోతుంది. రెండు తీగలు కలిపేస్తే బండి స్టార్టవుతుంది, గేరులో ఉన్నా స్టార్టయి ముందుకు దూకుతుంది కూడా. క్లచ్ పెడల్ దగ్గర ఉండాల్సిన స్విచ్ తెచ్చి ఆ తీగల మధ్య పెట్టడమే సరైన పని. ఆ పెడల్ దొరకడమూ తేలిక కాదు. మాన్యువల్ కార్లే తక్కువ, వాటిని విప్పి అమ్మేవాళ్లు ఇంకా తక్కువ. ఆటోమేటిక్‌కున్న వెడల్పాటి బ్రేకు పెడల్ స్థానంలో సన్నది కూడా రావాలి, లేకపోతే క్లచ్‌కు కాలాడదు.

టయోటా సంస్థ పాత సుప్రాల కోసం జీఆర్ హెరిటేజ్ పార్ట్స్ పేరుతో కొన్ని భాగాలను మళ్లీ తయారుచేస్తోంది. ఎస్‌సీ300 వాళ్లకు మాత్రం ఇప్పటికీ స్క్రాప్ యార్డులే ముఖ్యమైన దిక్కు. ముఖ్యంగా గేరు లివరు చుట్టూ ఉండే మాన్యువల్ కారు చెక్క పలక, తోలు తొడుగు. వాటిని ఎవరూ పడేయరు, తొందరగా అమ్మరు. ఆటోమేటిక్ పలకకే రంధ్రం కోసి తొడుగు అతికించుకునేవాళ్లున్నారు, అసలుది దొరికేదాకా కన్సోల్ తెరిచి ఉంచి తిరిగేవాళ్లూ ఉన్నారు. నేను ఈ రెండోవాళ్ల పక్షం.