బొమ్మకి అతికించిన పాట

నేను డ్రాయింగ్ టీచర్ని. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఒక్కో సెక్షన్‌కి వారానికి ఒకే ఒక్క పీరియడ్. పరీక్షలు దగ్గరపడితే అదీ లెక్కల సార్‌కి వెళ్లిపోతుంది. "మీదేముంది సార్, బొమ్మలే కదా" అంటాడాయన, నవ్వుతూనే. మిగతా కాలమంతా యాన్యువల్ డేకి థర్మోకోల్ కొయ్యడం, నోటీసు బోర్డు మీద పండగ శుభాకాంక్షలు రాయడం. ఇంటికొచ్చాక రికార్డులు పెట్టుకుంటాను. పాత సామాన్ల దుకాణాల్లో దొరికినవి, గీతలు పడ్డవి. పాత సినిమా పాటలు, ఎల్విస్, ఎవరి పేరూ తెలియని ఇంగ్లీషు కుర్రాళ్లు. ఈ రెండు జీవితాలూ చాలా ఏళ్లు ఒకదానికొకటి తగలకుండా గడిచిపోయాయి. తగలనివ్వలేదు అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. క్లాసులో నేను చెప్పేది చెట్టు, కుండ, నీడ. పాట సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

అందుకే పీటర్ బ్లేక్ వేసిన 'గాట్ ఎ గర్ల్' అనే బొమ్మ నన్ను కొంచెం ఇబ్బంది పెట్టింది. నేను దాన్ని ఎదురుగా చూడలేదు, పుస్తకంలోనూ స్క్రీన్ మీదా చూసిందే. అసలుది మాంచెస్టర్‌లో విట్‌వర్త్ గ్యాలరీలో ఉంది. 1960–61లో వేసినప్పుడు బ్లేక్ వయసు ముప్ఫై కూడా లేదు. అప్పటికే లండన్‌లో ఆర్ట్ స్కూళ్లలో పాఠాలు చెబుతున్నాడు. అంటే వారంలో కొన్ని రోజులు నాలాంటి మాస్టారే.

బొమ్మలో ఎక్కువ భాగం ఎరుపు, తెలుపు, నీలం రంగుల కోణపు పట్టీలు. పైన ఒక వరసలో ఫేబియన్, ఫ్రాంకీ అవలాన్, రికీ నెల్సన్, బాబీ రైడెల్, ఎల్విస్ లాంటి పాటగాళ్ల ఫొటోలు. వాటి పక్కన, ఎడమ మూల, ఒక రికార్డు. రికార్డు బొమ్మ కాదు, నిజం రికార్డే. ఫోర్ ప్రెప్స్ అనే అమెరికన్ బృందం 1960లో పాడిన పాట. బొమ్మ పేరు ఆ పాట పేరే. పాటలో ఒక కుర్రాడి గోడు ఉంటుంది: వాడికో పిల్ల ఉంది, కానీ వాడి పక్కన ఉన్నప్పుడు కూడా ఆ పిల్ల మనసు ఈ స్టార్ల మీదే. అంటే పై వరసలో ఉన్నవాళ్లంతా ఆ కుర్రాడి పోటీదారులు.

దీన్ని పాప్ ఆర్ట్ అని ఒక్క ముక్కలో తేల్చెయ్యొచ్చు. అప్పుడు అసలు సంగతి జారిపోతుంది. చెయ్యి తిరిగిన పెయింటర్‌కి రికార్డు వెయ్యడం ఎంతసేపు పని? నలుపు, కొంచెం మెరుపు, మధ్యలో లేబుల్. బ్లేక్ వెయ్యలేదు, అతికించాడు. రికార్డుని ప్రేమించే మనిషికి అచ్చం దానిలాంటిది చాలదు, అదే కావాలి. కానీ అతికించాక ఇంక దాన్ని వినలేం. వినాలంటే బొమ్మని పాడుచెయ్యాలి. చెవికి దక్కని పాట మూలన ఉంటే, దాని బాధంతా కంటికి అప్పజెప్పాడు. ఫొటోలు పైన చిన్నగా, కింద అంత పెద్ద చోటులో మొహమే లేదు. ఆ కుర్రాడు లేడు, పిల్లా లేదు. పోస్టర్ల గోడ ముందు నిలబడ్డ మనం ఆ ఇద్దరిలో ఎవరిమో తేల్చుకోవాలి.

బ్లేక్ పేరు చెప్తే అందరికీ గుర్తొచ్చేది 1967లో బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' కవర్. అప్పటి భార్య జాన్ హావర్త్‌తో కలిసి చేశాడు. మనవాళ్లకి అందులో ఇంకో ఆసక్తి కూడా ఉంది. గాంధీ బొమ్మ కూడా ఆ గుంపులో నిలబడింది. ఇండియాలో నొచ్చుకుంటారని రికార్డు కంపెనీ భయపడి తీయించేసింది. నా ఎల్పీ కవర్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అయినా నాకది తక్కువ బొమ్మే. అక్కడ మనం చేసే పని ఇది ఎవరు, అది ఎవరు అని వేలు పెట్టి పోల్చుకోవడం. క్విజ్ అయిపోయాక మిగిలేది తక్కువ. 'గాట్ ఎ గర్ల్'లో మొహాలు ఎవరివో తెలియకపోయినా నష్టం లేదు, అవి ఒకడి నిద్ర చెడగొడుతున్నాయని తెలిస్తే చాలు. కీర్తి పెద్దదైంది, అసూయ చిన్నది. నాకు చిన్నదే నచ్చింది.

ఒక అభ్యంతరం మాత్రం ఉంది. పిల్ల ఇష్టం గురించిన బొమ్మలో పిల్ల మాట వినపడదు, కుర్రాడి ఏడుపే. బ్లేక్‌తో పాటు 1962లో కెన్ రస్సెల్ తీసిన బీబీసీ సినిమాలో కనపడిన పాలీన్ బోటీ, ఏడాది తర్వాత 'మై కలరింగ్ బుక్' వేసింది. అదీ ఒక పాట పేరే. అక్కడ బాధపడేది అమ్మాయి, రంగులు వేసేదీ అమ్మాయే. 1966లో, ఇరవై ఎనిమిదేళ్లకే పోయింది. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన చూడాలి.

మరి బ్లేక్ క్లాసులో ఏం చెప్పాడు? దీనికి జవాబు అతని శిష్యుడు. వాల్తమ్‌స్టోలో చదివిన ఇయన్ డ్యూరీ. చిన్నప్పుడే పోలియో వచ్చి ఒక కాలూ చెయ్యీ దెబ్బతిన్నాయి. నీకు నిజంగా ఇష్టమైనవే వెయ్యి అన్న పాఠం ఆ క్లాసులో దొరికిందని తర్వాత చెప్పుకున్నాడు. డ్యూరీ కూడా ఆర్ట్ మాస్టారయ్యాడు. కాంటర్‌బరీలో పాఠాలు చెబుతూ, అక్కడి స్టూడెంట్లని కూడా కలుపుకుని కిల్‌బర్న్ అండ్ ద హై రోడ్స్ అనే బ్యాండ్ పెట్టాడు. 1977లో వచ్చిన 'న్యూ బూట్స్ అండ్ పాంటీస్' ఆల్బంలో తన చిన్ననాటి దేవుడు జీన్ విన్సెంట్ మీద ఒక పాట ఉంది. విన్సెంట్‌ది కూడా దెబ్బతిన్న కాలే. 1984లో గురువు మీదా ఒక పాట చేశాడు. మాస్టారు పాటని బొమ్మలో పెడితే, శిష్యుడు మాస్టారిని పాటలో పెట్టాడు. బ్లేక్ అందరికీ ఇష్టాన్ని పంచిపెట్టిన పుణ్యాత్ముడని అనను. ఇష్టమైతే చాలు బొమ్మ అయిపోదు. కింద ఆ పట్టీలు అంత కొలతగా ఉండబట్టే పైనున్న ఫొటోలు స్క్రాప్‌బుక్ కాకుండా ఆగాయి. కానీ కొలత నేర్పడానికి ముందు ఇష్టాన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వాలి కదా.

ఇక్కడే నాకు తగిలింది. నాలుగేళ్ల కిందట ఎనిమిదో తరగతికి ప్రకృతి దృశ్యం వెయ్యమన్నాను. ఎప్పటిలాగే రెండు కొండలు, ఒక గుడిసె, కొబ్బరిచెట్టు, ఏరు. ఒకమ్మాయి మాత్రం కొండల మధ్య సూర్యుడి చోట తన హీరో మొహం వేసింది. చుట్టూ కిరణాలు కూడా గీసింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, "ఇది సినిమా హాలా అమ్మా? మళ్లీ వెయ్యి" అన్నాను. ఏమీ అనలేదు. రబ్బరుతో చెరిపి పసుపు రంగు గుండ్రంగా నింపేసి ఇచ్చింది. పదికి ఏడు వేశాను. కాగితం అరిగిపోయి పసుపు కింద కళ్లు కనపడుతూనే ఉన్నాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఎల్విస్ పెట్టుకున్నాను. అప్పుడేమీ అనిపించలేదు. అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పోయిన నెల తొమ్మిదో తరగతిలో 'గాట్ ఎ గర్ల్' ప్రింటు బోర్డుకి పిన్ చేశాను. కథ చెప్పాను. వెనక బెంచీ కుర్రాడు అడిగాడు, "సార్, ఆ రికార్డు ఇప్పుడు పాడుతుందా?" పాడదు, తీస్తే బొమ్మ పోతుంది అన్నాను. "మరి ఆయనకి ఇంకో కాపీ ఉందా?" అన్నాడు. ఈ బొమ్మ మీద నేను చదివిన వ్యాసాల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. జవాబు చెప్పేలోపే తలుపు దగ్గర లెక్కల సార్ నిలబడి ఉన్నాడు, చేతిలో టెస్టు పేపర్లు. ఇంకో పది నిమిషాలు అన్నాను. ఇన్నేళ్లలో ఆయన్ని అడగడం అదే మొదటిసారి.