పావు తులం గుండు, నాలుగు వేల అడుగుల వేగం

పెన్సిల్వేనియా, న్యూయార్క్ రాష్ట్రాల పచ్చిక బీళ్లలో వుడ్‌చక్ అనే జంతువు బొరియలు తవ్వుకుని బతుకుతుంది. పందికొక్కుకి పెద్దన్నలా ఉంటుంది, మూడు నాలుగు కిలోలు తూగుతుంది. చిక్కుడు, క్లోవర్ మడులు మేసేస్తుంది. అది తవ్విన గోతుల్లో ట్రాక్టరు చక్రం దిగబడుతుందనీ, గుర్రం కాలు విరుగుతుందనీ రైతుల భయం. పొలానికి ఇలా చేటు తెచ్చే చిన్న జంతువులన్నింటినీ అమెరికా పల్లెవాళ్లు 'వార్మింట్' అంటారు. పడమటి మైదానాల ప్రెయిరీ డాగు, గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయే కాయోటీ కూడా ఆ లెక్కలోవే.

వుడ్‌చక్‌ని కొట్టడం సులువు కాదు. బొరియ నోట్లో నిలబడి నలుదిక్కులూ చూస్తూ ఉంటుంది. మనిషి దగ్గరికొస్తే చటుక్కున లోపలికి జారుకుంటుంది. అందుకని రెండు మూడు వందల మీటర్ల దూరం నుంచే కాల్చాలి. తగలాల్సిన చోటు బెత్తెడు కూడా ఉండదు. అక్కడ తగలకపోతే గాయంతో బొరియలోకి దూరి చీకట్లో నరకయాతన పడి చస్తుంది. మంచి వేటగాడికి అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి లేదు. 1935లో వించెస్టర్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన 220 స్విఫ్ట్ తూటా ఈ చిక్కుకి చెప్పిన జవాబు నాకు చాలా ఇష్టం.

ఆ జవాబు వేగం. 48 గ్రెయిన్ల గుండు, అంటే సుమారు 3.1 గ్రాములు, మన బంగారం లెక్కలో పావు తులం పైచిలుకు. కంపెనీ ప్రకటించిన వేగం సెకనుకు 4,110 అడుగులు, అంటే దాదాపు 1,250 మీటర్లు. ధ్వని వేగానికి మూడున్నర రెట్లు దాటిన మాట. ఫ్యాక్టరీలో తయారై దుకాణంలో దొరికే తూటాల్లో నాలుగు వేల అడుగులు దాటిన మొదటిది ఇదే.

వేగం ఎందుకంత ముఖ్యం? గుండు గొట్టం దాటిన క్షణం నుంచి, చెట్టు నుంచి రాలే మామిడికాయ లాగే కిందికి పడుతూ ఉంటుంది. ఎంత వేగంగా పోయినా ఆ పడటం ఆగదు. చేతిలో ఉన్నదల్లా దానికి పడే వ్యవధి ఇవ్వకపోవడమే. మామూలు చిన్న 22 రిమ్‌ఫైర్ గుండు రెండు వందల మీటర్లు వెళ్లేసరికి సెకనులో మూడింట రెండు వంతులు గడిచిపోతుంది, ఆలోగా అది రెండు మీటర్లకు పైగా దిగిపోతుంది. స్విఫ్ట్ గుండు అదే దూరాన్ని సెకనులో అయిదో వంతు లోపే దాటుతుంది, జానెడు కంటే తక్కువ దిగుతుంది. రెండు వందల మీటర్లకు గురి సరిచేసి పెట్టుకుంటే, దారి మధ్యలో గుండు చూపు రేఖకంటే మూడు సెంటీమీటర్ల మేర పైకి లేస్తుందంతే. జంతువు నూట యాభైలో ఉందా, రెండు వందల్లో ఉందా అని కంటితో కొలవాల్సిన పని తప్పింది. దూరం కొలిచే యంత్రాలు వేటగాడి జేబులో లేని రోజుల్లో ఇది చిన్న వరం కాదు.

ఈ ఆలోచన కంపెనీ గదుల్లో పుట్టలేదు. అంతకుముందే 22 హార్నెట్ తూటాతో ప్రయోగాలు చేసిన గ్రోవ్‌నర్ వాట్కిన్స్, 250 సావేజ్ తూటా మెడ సన్నం చేసి చిన్న గుండు బిగించి చూశాడు. వించెస్టర్ ఆ ఆలోచన తీసుకుంది కానీ ఆ కేసు, అంటే మందు నింపే ఇత్తడి డొల్ల, తీసుకోలేదు. అమెరికా నావికాదళం 1895 ప్రాంతంలో వాడిన 6 మిల్లీమీటర్ల లీ నేవీ తూటా కేసును ఎంచుకుంది. సైన్యం ఎప్పుడో వదిలేసిన సరుకు.

ఇక్కడే పనితనం చూడాలి. ఆ పాత కేసు సన్నగా, పొడుగ్గా, దళసరి గోడలతో ఉంటుంది. అడుగు భాగం 0.445 అంగుళాలే. అప్పటి వించెస్టర్ మోడల్ 54 రైఫిల్ బోల్టు మాత్రం 0.473 అంగుళాల అంచును పట్టుకునేలా ఉంది. బోల్టును మార్చకుండా కేసుకే ఆ కొలతకు అంచు పెట్టారు. ఒంటికంటే ఇటు అటు కలిపి ముప్పాతిక మిల్లీమీటరు కూడా లేని అంచు అది. తూటాను వేలితో తడిమితే తప్ప ఆ అంచు తెలియదు. అంత చిన్న సవరణతో కొత్త తూటా, ఉన్న రైఫిల్‌లోకి సాఫీగా దూరింది. ఇలాంటి పొదుపైన తెలివి నాకు పెద్ద ఆవిష్కరణలకంటే ఎక్కువ ముచ్చటగా తోస్తుంది.

ఇక ఇత్తడి. డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు తుత్తునాగం. కంచరివాళ్లకు తెలిసిన సంగతే: ఇత్తడి కొట్టినకొద్దీ బిరుసెక్కుతుంది, కాల్చితే మెత్తబడుతుంది. తూటా కేసుకు ఈ రెండు గుణాలూ ఒకేసారి కావాలి. అడుగు గట్టిగా ఉండాలి, చదరపు అంగుళానికి యాభై వేల పౌండ్ల పైన ఒత్తిడి దాని మీదే పడుతుంది. మెడ మెత్తగా ఉండాలి, మందు అంటుకోగానే అది ఉబ్బి గొట్టం గోడకు అతుక్కుని వేడి వాయువులు వెనక్కి రాకుండా మూసెయ్యాలి. మరుక్షణం కాస్త ముడుచుకుని, బోల్టు లాగగానే ఊడి రావాలి. అందుకే తయారీ చివర్లో మెడను మాత్రమే మంటకు చూపిస్తారు. కొన్ని కేసుల భుజం దగ్గర కనిపించే నీలి, ఊదా రంగుల నీడ ఆ మంట గుర్తు. పాలిష్ చేసి చెరిపెయ్యకపోతే అదే దానికి అందం.

గుండు సంగతి ఇంకా నాజూకు. స్విఫ్ట్ రైఫిల్ గొట్టంలోని మెలిక పద్నాలుగు అంగుళాలకు ఒక చుట్టు. ఆ వేగంతో లెక్క కడితే గుండు నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరుగుతూ బయటికొస్తుంది. సీసం చుట్టూ ఉన్న రాగి తొడుగు మరీ పల్చనైతే ఆ తిరుగుడుకు గాలిలోనే చిట్లిపోతుంది. మరీ దళసరైతే జంతువు ఒంట్లోంచి దూసుకుపోయి రాతికి తగిలి ఎగిరి, అవతలి పొలంలో పడుతుంది. తగలగానే పొడిపొడి అయిపోయేంత పల్చన, దారిలో నిలబడేంత గట్టి. పక్కనే ఆవులూ, ఇళ్లూ ఉన్న చోట తూటా మంచితనం సగం ఈ తొడుగు మందంలోనే ఉంది. తగిలిన జంతువుకు కూడా అది తక్షణ మరణం.

గాలికి మాత్రం ఇది లొంగుతుంది. తేలిక గుండు కదా, మూడు వందల మీటర్లు దాటాక పక్కగాలి దాన్ని ఇష్టమొచ్చినట్టు తోసేస్తుంది. బరువైన గుండు వేద్దామంటే ఆ నెమ్మది మెలిక దాన్ని నిలబెట్టలేదు.

దీన్ని 'బ్యారెళ్లు తినే తూటా' అని ఆడిపోసుకున్నారు. అందులో నిజముంది. అంత మందు అంత సన్నని రంధ్రంలోంచి మండుతూ పోతే, గుండు మొదట అడుగుపెట్టే చోట ఉక్కు అరుగుతుంది. భుజం వాలు 21 డిగ్రీలే కావడంతో ఇత్తడి కాల్చినప్పుడల్లా ముందుకు పాకి మెడ పొడుగవుతుంది, కత్తిరించుకోవాలి. 1964లో వించెస్టర్ దీని స్థానంలో 225 అనే తూటా తెచ్చింది. మరుసటి ఏడాది రెమింగ్టన్, అప్పటిదాకా ఇంటి ప్రయోగంగా ఉన్న 22-250ని కంపెనీ తూటాగా చేసింది, జనం అటు మళ్లారు. 22-250 మంచిదే, నేను కాదనను. కానీ ఆ 225 ఇవాళ ఎందరికి గుర్తుంది? స్విఫ్ట్‌ని మాత్రం రూగర్ మళ్లీ తన రైఫిళ్లలో పెట్టింది, తూటాలు ఇప్పటికీ తయారవుతున్నాయి.

నా మట్టుకు నాకు తోచేదేమంటే, గొట్టాల్ని పాడుచేసింది తూటా ఒక్కటే కాదు, తొందర. ప్రెయిరీ డాగుల ఊరి ముందు కూర్చుని, బ్యారెల్ ముట్టుకోలేనంత కాలుతున్నా ఆపకుండా పేలుస్తూ పోతే ఏ ఉక్కూ నిలవదు. స్విఫ్ట్‌ని ఎరిగినవాడు నాలుగైదు తూటాలు కాల్చి, బోల్టు వెనక్కి లాగి అలాగే వదిలేస్తాడు. రైఫిల్‌ని నీడకు చేర్చి, రాలిన ఇత్తడి కేసుల్ని ఏరుకుని, ఒక్కొక్కదాని మెడ గోటితో తడిమి చూసుకుంటూ, గొట్టం చల్లబడేదాకా గడ్డిలో కూర్చుంటాడు.