ముప్ఫై, ఆరు, రెండు

విండోస్‌లో ఫోటోల స్క్రీన్‌సేవర్ పెట్టుకున్నవాళ్లకు దాని వేగం మార్చే చోటు గుర్తుండే ఉంటుంది. నెమ్మది, మధ్యస్థం, వేగం. అంతే, మూడే మాటలు. నెమ్మది అంటే ఎన్ని సెకన్లో అక్కడ రాసి ఉండదు. ఒకటి ఎంచుకుని, కుర్చీలో వెనక్కి వాలి, మనమే లెక్కపెట్టుకోవాలి. ఫోటో తెర మీద ఎంతసేపు ఉండాలి అన్న ప్రశ్నకు ఇది బద్ధకపు జవాబు. శ్రద్ధగా ఆలోచించి చెప్పిన జవాబు లైనక్స్ వాడేవాళ్ల దగ్గర ఇరవై ఏళ్లకు పైగా ఉంది. దాని పేరు జీఎల్‌స్లైడ్‌షో.

ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అనే పెద్ద మూటలో ఇదొక చిన్న ప్రోగ్రాం. ఆ మూటను 1992లో మొదలుపెట్టినవాడు జేమీ జవిన్‌స్కీ. నెట్‌స్కేప్ బ్రౌజర్‌ను తొలినాళ్లలో కట్టిన ప్రోగ్రామర్లలో ఒకడు. తర్వాత ఆ కొలువు వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోలో డీఎన్‌ఏ లాంజ్ అనే నైట్‌క్లబ్ కొన్నాడు. స్క్రీన్‌సేవర్లను మాత్రం వదల్లేదు. జీఎల్‌స్లైడ్‌షోను మొదట రాసింది మైక్ ఒలిఫాంట్. 2003 జూన్‌లో జవిన్‌స్కీ దాన్ని తిరగరాశాడు. తృప్తి కలగలేదేమో, 2005 ఫిబ్రవరిలో మళ్లీ తిరగరాశాడు. మనిషి కంప్యూటర్ ముందు లేనప్పుడు నడిచే ప్రోగ్రాంకు ఇంత చాకిరీ!

ఇది ఫోటోను ఉన్నచోట నిలబెట్టి చూపించదు. మెల్లగా దగ్గరికి వెళ్తుంది, లేదా దూరం జరుగుతుంది, లేదా ఒక మూలనుంచి ఇంకో మూలకు జారుతుంది. 1990లో అమెరికా టీవీలో వచ్చిన అంతర్యుద్ధం డాక్యుమెంటరీలో కెన్ బర్న్స్ పాత ఛాయాచిత్రాలను ఇలాగే కదిలించాడు. ఆపిల్ తన ఐమూవీలో ఆ పద్ధతికి అతని పేరే పెట్టుకుంది. ఇలా కదులుతుంది కాబట్టి ఫోటో ఎంతసేపు ఉండాలి అన్నది ఇక్కడ ఒక్క అంకెతో తేలే విషయం కాదు. పనితనం మొదలయ్యేది ఇక్కడే.

అంకెలు మూడు. డ్యురేషన్ అంటే ఒక ఫోటో మొత్తం ఎంతసేపు తెరమీద ఉండి కొత్తదానికి చోటివ్వాలి అన్నది. మామూలుగా అది 30 సెకన్లు. పాన్ అంటే ఒక్క కదలిక ఎంతసేపు సాగాలి అన్నది, 6 సెకన్లు. ఫేడ్ అంటే ఒక దృశ్యం కరుగుతూ ఇంకొకటి తేలడానికి పట్టే సమయం, 2 సెకన్లు. ఫేడ్‌ను విడిగా కలపరు, అది పాన్ సమయంలోనే ఇమిడి ఉంటుంది. కాబట్టి ఫేడ్ పాన్‌ను మించకూడదు, పాన్ డ్యురేషన్‌ను మించకూడదు. వాడేవాడు తికమకపడి ఫేడ్‌కు 10, పాన్‌కు 4 ఇచ్చాడనుకోండి. ప్రోగ్రాం తప్పు చూపించి ఆగిపోదు, గద్దించదు. పాన్‌ను తానే ఫేడ్ దాకా పెంచుకుని, అవసరమైతే డ్యురేషన్‌ను కూడా పైకి జరిపి, పనిలో పడిపోతుంది. నాకు బాగా నచ్చిన మర్యాద ఇది.

30ని 6తో భాగిస్తే 5. అంటే ఒకే ఫోటో, కొత్తది వచ్చేలోపు, అయిదుసార్లు అయిదు రకాలుగా కనిపిస్తుంది. పెళ్లి ఆల్బమ్ తిప్పుతూ అమ్మమ్మ ఒకే పేజీ దగ్గర ఆగి, ముందు పీటల మీద ఉన్నవాళ్లను, తర్వాత వెనక నిలబడ్డ పెద్దమామయ్యను, ఆ తర్వాత మూలన ముక్కు చీదుతున్న పిల్లాణ్ణి చూపించినట్టు ఉంటుంది. తేడా ఒక్కటే, ఎక్కడ చూడాలో ఇక్కడ పాచికలు నిర్ణయిస్తాయి. మొదలయ్యే చోటు, ముగిసే చోటు రెండూ యాదృచ్ఛికమే. ఆ పాచికలకూ ఒక కట్టడి ఉంది. జూమ్ అంకె మామూలుగా 75, అంటే ఫోటోలో కనీసం నూటికి 75 వంతులు ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. గుంపు ఫోటోలో పెళ్లికూతురు గల్లంతై పందిరి గుంజ మాత్రమే మిగిలే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

అందరికీ ఈ అయిదుసార్లు నచ్చదు. చూసిందే మళ్లీ వస్తోందేమిటి అని విసుక్కునేవాళ్లుంటారు. వాళ్లకు మందు సులువు, డ్యురేషన్‌కూ పాన్‌కూ ఒకే అంకె ఇవ్వడమే. రెండూ 10 అయితే ప్రతి ఫేడ్‌తోనూ కొత్త ఫోటో వస్తుంది. సెట్టింగ్స్‌లో స్లైడర్లు జరిపినా సరే, అడ్వాన్స్‌డ్ నొక్కి అక్కడి వరుసలో అంకెలు రాసినా సరే. పువ్వుకో కొండకో 10 చాలు. నలభైమంది బంధువులున్న ఫోటోకు 20 అయినా ఇవ్వకపోతే ముఖాలు అందవు. చిక్కేమిటంటే, ఒక్కో ఫోటోకు ఒక్కో సమయం ఇచ్చే వీలు ఇందులో లేదు. ఇన్ని ఆలోచించినవాడు అది ఎందుకు వదిలేశాడా అనిపిస్తుంది. ఫేడ్‌కు సున్నా ఇస్తే కరగడం ఉండదు, టక్కున మారిపోతాయి. నాకది కంటికి దెబ్బలా ఉంటుంది.

కదలికను జవిన్‌స్కీ ఎన్ని ఫ్రేములు గీశాం అని కాకుండా గడియారం చూసి లెక్కగడతాడు. కదలిక మొదలై ఎన్ని సెకన్లయింది, అందులో ఎన్నో వంతు దగ్గర ఉన్నాం అని చూసి బొమ్మను అక్కడ నిలుపుతాడు. అందుకే పాత కంప్యూటర్‌లోనూ 6 సెకన్లు అంటే 6 సెకన్లే. యంత్రం బలహీనమైతే కదలిక గతుకులుగా రావచ్చు గానీ దాని సమయం పెరగదు. సెకనుకు 5 ఫ్రేములు కూడా గీయలేని యంత్రమైతే ప్రోగ్రాం ఆ ఆర్భాటం మానేసి ఫోటోలను మామూలుగా చూపిస్తుంది.

లోపం లేదని కాదు. కొత్త ఫోటో ఎక్కేటప్పుడు కదలిక ఒక్క క్షణం బిగుసుకుంటుంది. ఆ సంగతి జవిన్‌స్కీ కోడ్ మొదట్లోనే రాసిపెట్టాడు. ఫైలు తెరిచి తగిన కొలతకు కుదించే పెద్ద పనిని వేరే ప్రోగ్రాం వెనకాల చేసిపెడుతుంది. ఆ బొమ్మను తెచ్చుకుని, రూపం మార్చి, గ్రాఫిక్స్‌కు అప్పగించే పనులు మాత్రం ఈ ప్రోగ్రామే చేయాలి, అక్కడే ఆ తడబాటు. 2 గిగాహెర్ట్జ్ యంత్రాల్లో అర సెకనులోపే ఉంటుందని, సరిచేయడం కష్టమని విడమరిచి చెప్పాడు. చాలామంది ఇలాంటివి తివాచీ కిందకు తోసేస్తారు.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ఒక గడియారం బయట మిగిలే ఉంటుంది. ఎక్స్‌స్క్రీన్‌సేవర్‌ను రకరకాల ప్రోగ్రాంలను మార్చి మార్చి చూపమని పెడితే, మామూలుగా 10 నిమిషాలకొకసారి ఉన్నదాన్ని ఆపి ఇంకోదాన్ని తెస్తుంది. 30 సెకన్ల లెక్కన ఫోటోలు ఇరవై దాటవు, 10 సెకన్లకు దించితే అరవై. మీ ఆల్బమ్ తెల్లారేదాకా తిరగాలంటే ఆ మారే సమయం దగ్గర సున్నా పెట్టండి.