పోలిగాడికి ఉన్న లైసెన్సు

భివండి పద్మనగర్ సందుల్లో సాంచెల (మరమగ్గాల) మోత మధ్య ఇద్దరు మాట్లాడుకోవాలంటే చెవి దగ్గర నోరు పెట్టాల్సిందే. పొడుగు మాటలు ఆ చప్పుడులో నిలవవు. పోగు తెగింది, కాండె అయిపోయింది, ఛాయ్ వచ్చింది. ఇంతే. వీటితో సమానంగా వినిపించేది బూతు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి తాతల కాలంలోనే వచ్చి స్థిరపడ్డ పద్మశాలీల తిట్లు, మరాఠీ తిట్లు, యూపీ, బీహార్ కార్మికుల గాలీలు అన్నీ ఒకే కార్ఖానాలో కలుస్తాయి. పక్క సాంచె మీది దోస్తును అమ్మ పేరు పెట్టి పిలిస్తే అది పలకరింపు. అదే మాట మేస్త్రీ లాంటి జాబర్‌ని అంటే పని పోతుంది. ఎవరు, ఎవరిని, ఏ వేళ అనొచ్చో అక్కడ కొత్తగా చేరిన కుర్రాడికి కూడా వారంలో తెలిసిపోతుంది.

షిఫ్టు మధ్య ఛాయ్ తాగుతూ ఆ కుర్రాళ్లు ఫోన్లో చూసేది ఇప్పుడు ఎక్కువగా స్టాండప్ కామెడీయే. హిందీ, మరాఠీ, ఈమధ్య హైదరాబాదు తెలుగు కూడా. నిమిషానికో బూతు. ‘బూతు లేకుండా నవ్వించడం చేతకాదా వీళ్లకి?’ అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. ఆ పెద్దవాళ్లలో తోలుబొమ్మలాటకు తెల్లవార్లూ కూర్చున్నవాళ్లున్నారు, మరాఠీలో దాదా కోండ్కే సినిమాలకు క్యూ కట్టినవాళ్లున్నారు. అందుకే ఆ ఫిర్యాదు వింటే నాకు కాస్త నవ్వొస్తుంది.

తోలుబొమ్మలాటలో రాముడు, సీత, రావణుడు పద్యంలో, పాటలో మాట్లాడతారు. వాళ్ల మధ్యలోకి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు చొరబడతారు. వీళ్ల బొమ్మలు చిన్నవి, కదలిక ఎక్కువ, మాట ఆ ఊరి యాస. అర్ధరాత్రి దాటి జనం కునికే వేళకు సరిగ్గా తెర మీదికొస్తారు. పోలిగాడు పెళ్లాన్ని తిడతాడు, బంగారక్క రెండింతలు తిరిగి తిడుతుంది, కేతిగాడు మధ్యలో దూరి ఇద్దరినీ ఎగేస్తాడు. రాముడి నోట ఎన్నటికీ రాకూడని మాటలన్నీ ఈ ముగ్గురి పాలు. కథకూ బూతుకూ మధ్య గోడ కట్టి, ఆ గోడకు ఒకే ఒక తలుపు పెట్టడం ఆ కళలోని మొదటి నేర్పు. ఇంకో చిత్రం ఏమిటంటే, ఈ ఆటగాళ్లలో చాలామంది ఆరె కులస్థులు. ఇంట్లో మాట్లాడేది మరాఠీకి చెందిన యాస, ఆడేది తెలుగులో. 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావు గారి ఊరు నిమ్మలకుంట అలాంటి కుటుంబాలకు పేరుపడింది. మరాఠీ నేల నుంచి వచ్చి తెలుగువాళ్లను తెలుగు బూతులతో నవ్వించిన వాళ్లు వాళ్లయితే, ఇటు నుంచి వెళ్లి మరాఠీ నేల మీద బట్ట నేసినవాళ్లు ఈ పద్మశాలీలు.

తిరుపతి గంగజాతరలో ఇలా తిట్టే లైసెన్సు ఊరందరిదీ. బైరాగి వేషం నాడు తెల్ల సుద్ద, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు మసి పూసుకుని, దారిన పోయేవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టడం మొక్కులో భాగం. ఎవరూ కోపగించుకోరు. ఆడవాళ్లను చెరిచే పాళెగాడు భయపడి దాక్కుంటే వాణ్ని బయటికి రప్పించడానికే అమ్మవారు వేషాలు మార్చిందని కథ. అంటే ఆ బూతు బాణం గురి దొర మీదే. జాతర ముగిసిన మర్నాడు అదే మాట అదే మనిషిని అని చూడండి.

కవులూ ఏమీ వెనకబడలేదు. కవి చౌడప్ప నీతులు పది, బూతులు పది, శృంగారం పది సభలో చదవగలిగినవాడే మొనగాడని శతకంలో బాహాటంగానే చెప్పుకున్నాడు. నీతి పక్కన బూతుకు పీట వేసిన నిజాయితీ అది.

మహారాష్ట్రలో పోలిగాడి అన్న సోంగాడ్యా. తమాషా అనే జానపద నాటకంలో రాజును, పాటిల్‌ను వెక్కిరించడం వాడి పని. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో బొంబాయి ప్రభుత్వం అశ్లీలమని తమాషాను నిషేధించింది. తర్వాత స్క్రిప్టు ముందే చూపించాలన్న షరతుతో వదిలింది. 1972లో విజయ్ తెండూల్కర్ ‘సఖారామ్ బైండర్’ నాటకంతో మరో మెట్టు. పుస్తకాలు బైండు చేసుకునే మనిషి అలాంటి మనిషి మాట్లాడినట్టే మాట్లాడాడు. సెన్సారు అడ్డుపడింది, హైకోర్టు నాటకం పక్షాన నిలిచింది. అదే కాలంలో, నాయ్‌గావ్ మిల్లు కార్మికుల వాడలో పుట్టిన దాదా కోండ్కే ఒక్క బూతూ పూర్తిగా పలకకుండా, వినేవాడి బుర్రలో పలికించి వరసగా సిల్వర్ జూబిలీలు చేశాడు. రెండర్థాల పద్ధతిలో తప్పు ప్రేక్షకుడిదే అవుతుంది. ఇంతకంటే తెలివైన బూతు నేను చూడలేదు.

స్టాండప్‌లో ఈ తెర లేదు, వేషం లేదు. మైకు పట్టుకున్నవాడు తన పేరుతోనే మాట్లాడతాడు. అందుకని నేర్పంతా బూతు ఎక్కడ పడుతుందన్న దాంట్లోనే ఉంది. భివండి కుర్రాడు ఇలా ఒక ముక్క చెప్పాడనుకోండి: ‘సేఠ్ గజం గజం బట్ట జూస్తడు. గీడ పోగు లేదంటడు, పైసలు కోస్తడు. సేఠ్, ఫ్యాన్ లేదు, చెమటకు పోగు అవుపడ్తలేదు అన్న. గాలి దేవుడిచ్చిండు గదరా, దానికి గూడ పైసలడుగుతవా అన్నడు...’ ఇక్కడ ఆగాలి. జనం సేఠ్‌ను చూడాలి. అప్పుడు మెల్లగా, దాదాపు ముద్దుగా: ‘ముండాకొడుకు.’ హాలు పగిలిపోతుంది. ఆ మాటే మొదట్లో వచ్చుంటే అది కోపం, మధ్యలో నాలుగుసార్లు వచ్చుంటే చప్పుడు. చివర ఒక్కసారి వచ్చింది గనక నవ్వు. మన కమెడియన్లలో చాలామంది తప్పు బూతు వాడటం కాదు, ఉప్పులాగా కాక అన్నంలాగా వడ్డించడం.

బూతు మీద దుమారం మాత్రం వేరే చోట మొదలైంది. 2014 డిసెంబరులో వర్లీలో ‘ఏఐబీ నాకౌట్’ కామెడీ షో జరిగినప్పుడు హాల్లో వేలమంది టికెట్ కొని, తిట్లు వినడానికే వచ్చి, నవ్వుకుని వెళ్లారు. వీడియో యూట్యూబ్‌లోకి ఎక్కాకే కేసులు. కొద్ది రోజులకే దాన్ని తీసేశారు. జాతర హద్దు దాటి మాట బయటికి వచ్చింది. రాత్రి రెండు గంటలకు పోలిగాడు అనాల్సింది పొద్దున పూజగదిలో వినిపించినట్టయింది. 2025 ఫిబ్రవరిలో ‘ఇండియాస్ గాట్ లేటెంట్’ యూట్యూబ్ షో గొడవ కూడా అదే దారి.

అయినా నిజంగా దెబ్బలు తిన్నది బూతేనా? కమెడియన్ మునవ్వర్ ఫారూఖీని 2021 జనవరి 1న ఇండోర్‌లో పట్టుకున్నది బూతుకు కాదు. మతాన్ని కించపరిచాడన్నారు, నెల దాటి జైల్లో ఉన్నాడు. 2025 మార్చిలో కమెడియన్ కునాల్ కామ్రా ప్రదర్శన ఇచ్చిన ఖార్ స్టూడియోను శివసేన కార్యకర్తలు ధ్వంసం చేశారు. భివండి ఉన్న ఠాణే జిల్లా నాయకుడు ఏక్‌నాథ్ శిందేను ఉద్దేశించి ‘ద్రోహి’ అనే అర్థం వచ్చే మాటతో పాట పాడాడని కోపం. ఆ మాట బడిపిల్లల పుస్తకంలో కూడా ఉంటుంది. అశ్లీలమని చెప్పే ఫిర్యాదుల వెనక కూడా చాలాసార్లు ఇలాంటి లెక్కలే ఉంటాయని నా అనుమానం.

సుప్రీంకోర్టు మాత్రం కొంత కదిలింది. ‘కాలేజ్ రొమాన్స్’ వెబ్ సిరీస్ కేసులో 2024 మార్చి 19న జస్టిస్ బోపన్న, జస్టిస్ నరసింహ ధర్మాసనం ఒక తేడా చూపింది. తిట్టు అసభ్యం కావచ్చు, అంతమాత్రాన చట్టం చెప్పే అశ్లీలం కాదు. కోపంలోనో, స్నేహంలోనో అన్న తిట్టును దాని అక్షరార్థంతో తూచకూడదంది. పద్మనగర్ సాంచెల దగ్గర ఈ తీర్పు ఎవరికీ కొత్తగా అనిపించదు.

ఒక చోట నేను కూడా పెద్దవాళ్ల వైపే. మన తిట్లన్నీ తిరిగి తిరిగి ఆడవాళ్ల మీదికే వస్తాయి. సేఠ్‌ను తిట్టినా దెబ్బ వాళ్ల అమ్మకే, నా ‘ముండాకొడుకు’ కూడా అంతే. బంగారక్కకు తిరిగి తిట్టే హక్కుండేది. స్టాండప్‌లో ఆ హక్కు ఆడవాళ్ల చేతికి ఇప్పుడిప్పుడే వస్తోంది, వాళ్లు తిడితే మాత్రం మగవాళ్ల హాలు కాస్త బిగుసుకుంటుంది.

పద్మనగర్ తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. కూనపులి కథకుల చేత పటం కథ చెప్పించుకున్న కులం మనది, రాత్రంతా కూర్చుని వినడం మనకు తెలుసు. వచ్చే మార్కండేయ జయంతికి సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యాక, పిల్లల్ని ఇంటికి పంపి, ఫోన్లు పక్కన పెట్టించి, మన కార్ఖానాల్లో నవ్వించే కుర్రాడికో అమ్మాయికో ఒక అరగంట మైకు ఇవ్వండి. ఏం మాట్లాడబోతున్నారో ముందే కాగితం మీద అడగకండి.