తిరగవేసిన తరగతి: ఎవరికి లాభము?

తిరుపతి విద్యాకేంద్రముగా పేరొందిన పట్టణము. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1983లో మహిళల కొరకు శ్రీ పద్మావతీ విశ్వవిద్యాలయము అచట నెలకొన్నవి. 2015లో ఐ.ఐ.టి., ఐసర్ సంస్థలు ప్రారంభమైనవి. పలమనేరు, పుంగనూరు, శ్రీకాళహస్తి వైపు పల్లెలనుండి అచటికి చదువునకు వచ్చువారిలో, తమ ఇంట కళాశాల మెట్టు మొట్టమొదట ఎక్కినవారును కలరు. నేడు విశ్వవిద్యాలయములలో ప్రచారమునకు వచ్చుచున్న ఒక బోధనా పద్ధతి ఇట్టివారికి ఎంతవరకు ఉపకరించును? క్రొత్తది గనుక మంచిదనుట శాస్త్రసమ్మతము కాదు, తూచి చూడవలెను.

ఈ పద్ధతికి ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అని పేరు. తెలుగున దీనిని ‘తిరగవేసిన తరగతి’ అనవచ్చును. సాధారణముగా అధ్యాపకుడు తరగతిలో పాఠము చెప్పును. లెక్కలను విద్యార్థి ఇంటివద్ద చేసికొనును. న్యూటను మూడవ నియమము వినునపుడు సులభముగనే తోచును. రాత్రి ఒంటరిగా లెక్క చేయబూనినపుడు చిక్కు వచ్చును. అడుగుటకు అపుడు గురువు ఉండడు. కావున పాఠమును వీడియోలోనో, పుస్తకములోనో ముందుగా చూచి వచ్చి, లెక్కలను, చర్చను గురువు ఎదుటనే జరుపవలెనని ఈ పద్ధతి చెప్పును. ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయమున ఆర్థికశాస్త్రమును ఇట్లు బోధించిన లేజ్, ప్లాట్, ట్రెగ్లియా అనువారు 2000లో దీనిని వర్ణించిరి. 2007లో కొలరాడోలోని ఒక ఉన్నత పాఠశాల రసాయనశాస్త్రోపాధ్యాయులు బెర్గ్‌మన్, శామ్స్ దీనిని చేపట్టిన తరువాత ఇది బహుళ ప్రచారము పొందినది.

దీనిని సమర్థించువారు 2014లో ఫ్రీమన్, ఆయన సహచరులు ప్రకటించిన ఫలితములను చూపుదురు. విజ్ఞాన, గణిత, ఇంజనీరింగు తరగతులపై జరిగిన 225 పరిశోధనలను వారు క్రోడీకరించిరి. కేవలము ఉపన్యాసము విన్న తరగతులలో నూటికి సుమారు 34 మంది తప్పగా, విద్యార్థులచే పని చేయించిన తరగతులలో సుమారు 22 మంది తప్పిరి. ఇది గణనీయమైన భేదమే. కాని ఆ లెక్క విద్యార్థులచే పని చేయించుటను గూర్చినది. పాఠమును ఇంటికి పంపుటను గూర్చినది కాదు. 2015లో జెన్సెన్, ఆమె సహచరులు ఒక జీవశాస్త్ర తరగతిలో ఈ రెంటిని వేరుచేసి చూచిరి. రెండు విభాగములవారును ఒకే విధముగా పని చేయుచు నేర్చుకొనిరి. ఒకరు పాఠమును మొదట ఇంటివద్ద, రెండవవారు తరగతిలో చూచిరి. ఫలితములలో చెప్పుకోదగిన తేడా కానరాలేదు. రోగము తగ్గినది మందువలననా, పథ్యమువలననా అని విచారించినట్లుగా, ఇచట గుణము దేనిదో గుర్తింపవలెను. గుణము వీడియోలో లేదు. తరగతిలో జరిగిన పనిలో కలదు.

విద్యార్థుల అభిప్రాయములను సేకరించి పద్ధతిని మెచ్చుకొనుట మరియొక పొరపాటు. 2019లో హార్వర్డు విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర తరగతులలో జరిగిన పరిశోధన ప్రకారము, స్వయముగా పని చేసిన విద్యార్థులు పరీక్షలో ఎక్కువ మార్కులు పొందియు, తాము తక్కువ నేర్చుకొంటిమని భావించిరి. ధారాళమైన ఉపన్యాసము విన్నవారు తాము ఎక్కువ నేర్చుకొంటిమనుకొనిరి. శ్రమ పడినపుడు తెలివి తక్కువైనట్లు తోచుట సహజము. కావున ఇష్టాయిష్టములు కొలబద్ద కాజాలవు.

అన్నిటికంటె ముఖ్యమైనది మూడవ విషయము. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున విద్యార్థులను యాదృచ్ఛికముగా విభజించి జరిపిన ప్రయోగము 2021లో ప్రచురితమైనది. గణితములో కొంత తాత్కాలిక లాభము కనిపించినది. ఆర్థికశాస్త్రములో ఏమియు లేదు. ఆ లాభమైనను ముందే బాగుగా చదువువారికే ఎక్కువగా చేరినది. తరువాత సగటు లాభము నిలువలేదు. అంతరము మాత్రము నిలిచినది.

సగటు ఈ అంతరమును ఎట్లు కప్పునో ఒక ఊహాలెక్క తెలుపును. ఇరువురికి 80, 40 మార్కులు వచ్చినచో సగటు 60. పద్ధతి మార్చిన పిమ్మట 90, 36 వచ్చినచో సగటు 63. సగటు పెరిగినది, కాని వారిమధ్య దూరము 40 నుండి 54కు పెరిగినది. పల్లెనుండి వచ్చిన విద్యార్థికి ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉండవచ్చును. వీడియో ఇంగ్లీషులో ఉండవచ్చును. ఇంటికి పంపిన పాఠము అతనికి సగమే చేరును.

ఇంటివద్ద చదివి, కేంద్రమున సందేహములు తీర్చుకొనుట తెలుగునాట క్రొత్త కాదు. 1982లో స్థాపితమై, నేడు అంబేద్కర్ పేరు వహించిన సార్వత్రిక విశ్వవిద్యాలయము తెలుగులో అచ్చువేసిన పాఠములను ఇండ్లకు పంపి, అధ్యయన కేంద్రములలో తరగతులు నడిపినది. పాఠము చదువరి భాషలో, చేతికందునట్లు ఉండవలెనన్నదే అచటి నీతి.

కావున ఈ పద్ధతిని పరీక్షింపదలచిన అధ్యాపకులు నాలుగు జాగ్రత్తలు పాటింపవలెను. ముందును వెనుకను ఒకే స్థాయి పరీక్ష పెట్టవలెను. రెండు విభాగములకును మొత్తము చదువు కాలము సమానముగా నుంచవలెను. కొన్ని నెలల తరువాత తిరిగి పరీక్షింపవలెను. వెనుకబడినవారి ఫలితములను వేరుగా లెక్కింపవలెను. ఉన్నత పాఠశాలలో ఓమ్ నియమమువంటి ఒక్క పాఠముతో, వీడియో లేకయే, పాఠ్యపుస్తకపు రెండు పుటలతో దీనిని చేసి చూడవచ్చును. చివరి బల్లమీది విద్యార్థికి ఏమి లభించినదో చెప్పలేని పరీక్ష, ఆ పద్ధతిని పరీక్షించినట్లు కాదు.