ఖాళీని నేసిన నల్లపొర

అందం సంగతి ఎత్తి బొగ్గు దగ్గర ఆగితే నవ్వుతారేమో. నవ్వనివ్వండి. 2004లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో చెంగ్డు లియాంగ్, షెంగ్ డై బృందం తయారుచేసిన కార్బన్ పొర ఫొటో చూసినప్పటి నుంచి నాకు నలుపంటే వేరే గౌరవం. పొర నిండా రంధ్రాలే. ఒక్కొక్కటి దాదాపు 34 నానోమీటర్లు, వాటి మధ్య గోడలు సుమారు 9. వెంట్రుక మందంలో వెయ్యికి పైగా ఇమిడిపోతాయి. అన్నీ ఆరు మూలల వరసలో, తూచినట్టు.

ఈ వరసను ఎవరూ చెక్కలేదు. మొదట తీసుకున్న పాలిమరు రెండు గొలుసుల జంట. ఒకటి పాలీస్టైరీన్. నిజాంపట్నం రేవులో చేపలను మంచులో సర్దే థర్మోకోల్ పెట్టెలు దానివే. రెండోది పాలీవినైల్‌పిరిడిన్. ఈ రెంటికీ బొత్తిగా పొసగదు, విడిపోదామంటే మధ్యలో రసాయన బంధం తెగదు. పొరకు ద్రావకపు ఆవిరి పట్టిస్తే గొలుసులు కాస్త వదులై, జరగగలిగినంత దూరం జరిగి, ఒకటి సన్నని స్తంభాలుగా నిలబడుతుంది, మరొకటి చుట్టూ పరుచుకుంటుంది. ముందే కలిపిన రిసార్సినాల్ పిరిడిన్ పక్షం చేరి ఉంటుంది. ఫార్మాల్డిహైడ్ ఆవిరి సోకగానే అది గట్టి రెసిన్‌గా బిగుసుకుంటుంది.

ఇక వేడి. గాలి తగలకుండా, నైట్రోజన్‌లో. పాలీస్టైరీన్ ఆవిరై వెళ్లిపోతుంది. అది నిలబడ్డ చోటు మాత్రం ఎక్కడికీ పోదు. మన ఆలంకారికులు విప్రలంభానికి, అంటే విరహ శృంగారానికి, అంత పెద్దపీట ఎందుకు వేశారో నాకు అలంకారశాస్త్రం కన్నా ఈ పొరే బాగా చెప్పింది: వెళ్లినవాళ్ల ఆకారాన్ని ఉన్నవాళ్లే మోస్తారు. ఇక్కడ మోస్తున్నది కార్బన్.

అలాగని ఇది ప్రయోగశాల సొత్తేమీ కాదు. సూర్యలంక తీరాన పెరిగే సరుగుడు కర్రలోనూ ఉన్నవి పాలిమర్లే, సెల్యులోజు, లిగ్నిన్. కర్ర పేర్చి, గడ్డి కప్పి, మట్టి మెత్తి ఊపిరాడకుండా మాగబెడితే తేమా తారూ పోయి బొగ్గు మిగులుతుంది. దాన్ని పుటుక్కున విరిచి మైక్రోస్కోపు కింద పెట్టండి. చెట్టు వేళ్ల నుంచి కొమ్మలకు నీళ్లు తోడుకున్న గొట్టాలు నోళ్లు తెరుచుకుని అలాగే ఉంటాయి. వాటిలో లావువీ సన్నవీ ఉన్నాయి, ఒద్దికగా లేనివీ ఉన్నాయి. పొరలోని క్రమం ముందు అవి కాస్త మోటే. కానీ ఆ మోటుతనం ఒక ప్రాణి బతికిన తీరు. ఇస్త్రీ పెట్టెలో రాజుకునే బొగ్గుకు ఈ పాండిత్యం ఉందని ఎవరికి తోస్తుంది?

ఇలాంటి పొరలు నీళ్లు వడగట్టడానికి, విద్యుత్తు దాచడానికి పనికొస్తాయంటారు. పనికి రావాలి కూడా. నన్ను కట్టిపడేసేది మాత్రం పొయ్యి దగ్గరి ఓర్పు. పదార్థం పోతున్నకొద్దీ పొర కుంచించుకుపోవాలి, అడుగున పలక పట్టుకుని ఉండటం వల్ల పక్కలకు ముడుచుకోలేదు, మందం తగ్గించుకుంటూ కిందికే దిగాలి. తొందరపెడితే బీటలు. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పోతే 800 డిగ్రీలు అందుకోవడానికి దాదాపు 13 గంటలు. కర్ణాటక సంగీతంలో విలంబకాలం పాడేవాళ్లకు ఇది కొత్త కాదు. వేగం పెంచి మెప్పించడం తేలికని వాళ్లకూ తెలుసు.